పదకొండేళ్ల టేకు కుర్చీలు: కిర్రుమన్న రోజే చూసుకోండి

టేకు డైనింగ్ కుర్చీలు ఆరు, పదకొండేళ్లుగా రోజూ వాడుతున్నాం. చెక్క ఎంత గట్టిది, ఎంత అందంగా ఉంటుంది అనేది అందరూ చెప్పేదే, అది వదిలేస్తున్నా. నా బాధంతా జాయింట్ల గురించి. ఇలాంటి కుర్చీకి చెక్క అంత తేలిగ్గా పాడవదు, ముందు జాయింట్ పోతుంది.

కొన్న కొత్తలో కనబడినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి, మేకు లేదు స్క్రూ లేదు, చెక్కలో చెక్క దూర్చి జిగురు పెట్టిందే, వీటికి చావు లేదు అని. ఏడో ఏట నాన్న కూర్చునే కుర్చీ కిర్రుమనడం మొదలుపెట్టింది. తినడం అయ్యాక ముందుకాళ్లు లేపి వెనక్కి వాలడం ఆయన అలవాటు, అలా వాలితే బరువంతా సీటు పక్కచెక్క వెనకకాల్లోకి దూరే చోట పడుతుంది. ఆ చప్పుడు నెలల తరబడి వింటూ ఊరుకున్నాం. చివరికి ఒకాయన్ని పిలిపిస్తే రెండు మేకులు దిగ్గొట్టి ఐదు నిమిషాల్లో పని అయిపోయిందన్నాడు. రెండు నెలలు బాగానే ఉంది, ఆ తర్వాత ఒకరోజు మేకు పక్కనుంచి వెనకకాలు జానెడు పొడవున చీలింది. తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, గాలి పొడిబారితే ముడుచుకుంటుంది, మేకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, పైగా జాయింట్ వదులుగానే ఉంది, ఇంక చీలక ఏమవుతుంది.

కొన్నాళ్లకి రెండో కుర్చీ కిర్రుమంటే నేనే పూనుకున్నా. బోర్లించి చూస్తే సీటు కింద నాలుగు మూలల్లో త్రికోణపు చెక్కముక్కలు, వాటికి స్క్రూలు, రెండు వదులై చేత్తో తిరుగుతున్నాయి. స్క్రూ లేదని అన్నేళ్లు చెప్పింది నేనే, కిందకి వంగి చూసుకోలేదు. ఆ ముక్కలు తీసి, గుడ్డ అడ్డం పెట్టి రబ్బరు సుత్తితో మెల్లమెల్లగా తట్టి జాయింట్ విప్పా. లోపల పాత జిగురు పసుపు పొలుసుల్లా రాలింది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఒకసారి ఎండిపోయాక దానిమీద మళ్లీ అదే పూస్తే సరిగ్గా పట్టదు, అందుకే చెక్క అరగకుండా జిగురు మాత్రం గీకాలి, దానికే ఒక పూట పట్టింది. కొత్త జిగురు రాసి బిగించి, కాళ్ల చుట్టూ తాడు రెండు చుట్లు వేసి, కర్ర దూర్చి మెలితిప్పా, చెక్కకి నొక్కులు పడకుండా తాడు కింద పాతగుడ్డలు. ఆరకముందే చదును నేల మీద నిలబెట్టి నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూసుకోవాలి, ఆరాక చేసేదేం లేదు. 24 గంటలు దాని జోలికి పోలేదు. నాలుగేళ్లయింది, దానిమీద కూర్చుని ఎంత కదిలినా చిన్న చప్పుడు రాదు, కూర్చున్న ప్రతిసారీ సంతోషమే.

ఇప్పుడు ఆర్నెల్లకోసారి అన్నీ బోర్లించి స్క్రూలు చూస్తా, మరీ బిగిస్తే రంధ్రం పెద్దదై స్క్రూ పట్టు పోతుంది. మొదట్లో పాలిష్ మీద అవిసె నూనె కూడా రాశా, అది తప్పు, పైన లక్క పూత ఉంటే నూనె లోపలికి దిగదు, జిగటగా మిగిలి దుమ్ము పడుతుంది. నూనె పూతతో చేసిన కుర్చీకైతే రాయొచ్చు గానీ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు, విప్పి పరిచి ఆరబెట్టాలి. మిగతా రోజులు తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ, అంతే.

మళ్లీ కొంటానా అంటే, మా ఇంట్లో ఓపిగ్గా చూసుకునేవాణ్ణి నేనున్నా కాబట్టి కొంటా. అమ్మకి మాత్రం ఇవి బరువే, ఎత్తలేక వీపు చెక్క పట్టుకుని లాగుతుంది, అది జాయింట్లకి మంచిది కాదని తెలిసినా ఆమెని ఏమంటాం. మాటిమాటికీ ఇల్లు మారేవాళ్లకైతే కొనమని చెప్పలేను. చీలిన ఆ కుర్చీ ఇంకా అటకమీదే ఉంది, పక్కచెక్కలు బాగానే ఉన్నాయి, మిగతావాటికి పనికొస్తాయని దాచా.