ఎవరికైనా ఇచ్చేయగలిగిన పెన్ను: ఎబొనైట్ ఐడ్రాపర్లు ఏళ్ల తరబడి వాడాక

ఐడ్రాపర్ అంటే గొట్టంలోకే నేరుగా ఇంకు పోసే పెన్ను. అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని లోపల ఏమీ లేకపోవడం. రబ్బరు సంచీ లేదు, పిస్టన్ లేదు, స్ప్రింగు లేదు. గొట్టం విప్పి, ఫిల్లరుతో ఇంకు పోసి, మళ్లీ బిగించడమే. ఈ గుణం ఎంత గొప్పదో రాస్తున్నన్నాళ్లూ నాకు పూర్తిగా అర్థం కాలేదు. పోగుచేసిన పెన్నులన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చేద్దామని పెట్టెలు తెరిచినప్పుడు తెలిసింది. అందుకని ఇక్కడ రాసేదంతా ఆ ఒక్క గుణం గురించే. పాళీ సన్నమా లావా, ఎన్ని మిల్లీలీటర్లు పడుతుంది, ఎంతకి వస్తుంది అనేవి ఇప్పటికే చాలామంది రాశారు.

నా దగ్గర డెబ్బై దాకా పెన్నులు పోగయ్యాయి. సగం మన రాజమండ్రి వైపు లేతు మీద చేసిన ఎబొనైట్‌వి, అంటే గట్టిపరిచిన రబ్బరువి. మిగతావాటిలో విదేశీవి, పాత బొంబాయి కంపెనీలవి, పేరే లేనివి. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు, లేనిదాన్ని వెతికి పట్టుకోవడంలో ఒక ఆనందం ఉండేది. ఏ ఊరెళ్లినా ముందు స్టేషనరీ దుకాణం అద్దాల బీరువాలోకి చూసేవాణ్ని. ఇప్పుడా వెతుకులాట మీద మనసు పోవడం లేదు. రాయడం మీద ఇష్టం మాత్రం అలాగే ఉంది. రోజూ చేత్తో రాసేది ఒకటి రెండు పేజీలు, దానికి మూడు నాలుగు పెన్నులు చాలు. కాకినాడలో సొంతిల్లు అమ్మి ఫ్లాటులోకి మారాక అసలు ప్రశ్న మా ఆవిడే అడిగింది: "ఏది ఎవరికో మీరున్నప్పుడే తేల్చండి. తర్వాత పిల్లలు వీటిని తూకానికి వేస్తే మీరొచ్చి చూస్తారా?" ఆ మాట నన్ను గట్టిగానే తాకింది.

నలుగురూ నాలుగు దారులు చెప్పారు. మొత్తం ఒకేసారి వ్యాపారికి ఇచ్చేయమన్నారు. అడిగి చూశాను. ఆయన విదేశీ పేర్లున్నవి ఒక పక్కకి తీసి విడివిడిగా ధర కట్టి, ఎబొనైట్ పెన్నులన్నీ ఒక కుప్పగా పోసి దాని మీద ఒకే రేటు చెప్పారు. ఆయన లెక్క ఆయనది, తప్పు పట్టను. కానీ చేత్తో ఒక్కొక్కటిగా చేసిన వస్తువుల్ని కుప్పగా చూడటం నాకు నచ్చలేదు. ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక్కొక్కటిగా అమ్మమన్నది రెండో సలహా. డబ్బు బాగానే వస్తుంది, కాకపోతే ఫొటోలు, బేరాలు, కొరియర్లు, "పాళీ దగ్గర్నుంచి ఇంకో ఫొటో పెట్టండి" అన్న మెసేజీలు తప్పవు. బడికి ఇచ్చేయమన్నారు ఒకరు. అలాగే ఉంచేసుకో, అవేమైనా అన్నం అడుగుతాయా అన్నారు మరొకరు.

ఈ చివరి సలహాతోనే నాకు పేచీ. పెన్నులు ఏమీ అడగవు గానీ, ఊరికే కూర్చోవు కూడా. పెట్టెలో పెట్టినదాన్ని పెట్టినట్టే ఉంటుందనుకుంటాం. తెరిచి చూస్తే లెవరు లాగి ఇంకు పట్టించే పాత పెన్నుల్లో రబ్బరు సంచీలు గట్టిపడి పెంకుల్లా విరిగాయి. ఒకదాంట్లో కరిగి తారులా అంటుకుంది. పిస్టన్ పెన్నులు రెండు తిరగడం మానేశాయి. అన్నిటికన్నా బాధ కలిగించింది ఒక సెల్యులాయిడ్ పెన్ను. సెల్యులాయిడ్ అంటే నత్రికామ్లంతో మార్చిన దూదికి కర్పూరం కలిపి చేసేది. మంచిగా ఉన్నంతకాలం చూపు తిప్పుకోలేనంత అందం. చెడటం మొదలైతే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మూత బిగిసిన పెట్టెలో అది ఎటు పోతుంది? పక్కనున్న పెన్నుల క్లిప్పులకీ రింగులకీ పట్టి పచ్చగా చిలుము ఎక్కించింది. ఎబొనైట్ కూడా ఈ విషయంలో పూర్తిగా అమాయకురాలు కాదు. దాన్లో గంధకం ఉంటుంది కాబట్టి దానితో పాటు మూసిపెట్టిన వెండి, ఇత్తడి నల్లబడతాయి. మీ దగ్గర ఇలాంటి కలగాపులగపు పెట్టె ఉంటే, ఇచ్చేసే ఆలోచన ఉన్నా లేకపోయినా, ముందు సెల్యులాయిడ్‌ని వేరు చేసి గాలి ఆడేచోట పెట్టండి.

అప్పుడొక నియమం పెట్టుకున్నాను. రాయని పెన్నుని ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. ఇంకు పోసి ఒక పేజీ రాసి చూశాకే అది ఇల్లు దాటాలి. ఈ ఒక్క పరీక్షతో ఏది అమ్మాలి, ఏది ఇవ్వాలి అనే గందరగోళం చాలావరకు తీరింది.

ఇక అసలు సంగతి. మా పెదనాన్న దస్తావేజు లేఖరి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని జీవితమంతా రాశారు. ఆయన పెన్ను నాకు వచ్చింది. లావుపాటి నల్ల ఎబొనైట్, గొట్టం మీద ఇంటిపేరుతో సహా ఆయన పేరు చెక్కి ఉంటుంది. ఆయన పోయినప్పుడు అందులో బ్లూబ్లాక్ ఇంకు ఎంత ఉందో అంతా లోపలే ఎండిపోయింది. పాళీ దాని కింద ఇంకు అందించే నాలుకకి అతుక్కుపోయింది, గొట్టం మరలు కదల్లేదు. ఇన్నేళ్లూ దాన్ని జ్ఞాపకంగా చూశానే తప్ప పెన్నుగా చూడలేదు. వ్యాపారి కూడా దాన్ని కుప్పలో అడుక్కి తోసేశారు.

గిన్నెలో మామూలు చల్లటి నీళ్లు పోసి పాళీ వైపు ముంచి ఉంచాను. వేడి నీళ్లు వద్దు, ఎబొనైట్ రంగు చెడుతుంది. స్పిరిట్ అసలే వద్దు, ఎబొనైట్ తట్టుకున్నా సెల్యులాయిడ్, ప్లాస్టిక్ కరిగిపోతాయి, ఒకసారి మొదలుపెడితే అలవాటులో అన్నిటికీ వాడేస్తాం. కాసేపటికే నీళ్లలోకి నీలం తీగలుగా దిగడం మొదలైంది. నీళ్లు మారుస్తూ పోయాను. ఒకటి రెండు రోజులకి మరలు వదులయ్యాయి. గొట్టం విప్పితే అడుగున నల్లటి పొడి. పాళీనీ నాలుకనీ గుడ్డతో పట్టుకుని మెల్లగా లాగితే రెండూ వచ్చేశాయి. నాలుక గాడిలో పేరుకున్న మడ్డిని నూలు దారంతో తోమాను. మళ్లీ అన్నీ కూర్చి, మరలకి కాస్త సిలికాన్ గ్రీజు రాసి, కామెల్ రాయల్ బ్లూ పోశాను. మొదటి గీత పొడిగా వచ్చింది. రెండోది తడిగా వచ్చింది. తర్వాత పేజీ చివరిదాకా ఆగలేదు.

ఒక్క విడిభాగం కొనలేదు. ఎవరి దగ్గరికీ తీసుకెళ్లలేదు. కొన్నప్పుడు ఏ భాగాలతో వచ్చిందో ఆ భాగాలతోనే రాస్తోంది. అదే పెట్టెలో ఇంతకన్నా పది రెట్లు ఖరీదైన పెన్ను సంచీ కోసం, దాన్ని వేయగల మనిషి కోసం ఎదురు చూస్తూ ఉంది. లోపల ఏమీ లేకపోవడమంటే చెడిపోవడానికి ఏమీ లేకపోవడం. అందుకే దీన్ని మరొకరికి ఇవ్వగలం, వాళ్లు ఇంకొకరికి ఇవ్వగలరు.

ఎబొనైట్ అంటే రబ్బరే. మూడో వంతు దాకా గంధకం కలిపి గంటల తరబడి వేడిలో ఉంచితే కొమ్ములా గట్టిపడుతుంది. లేతు మీద బాగా తెగుతుంది, పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. రాజమండ్రిలో రత్నంగారు 1932లో పెన్నులు మొదలుపెట్టగలిగింది అందువల్ల కూడా. ఆ పెన్ను గాంధీగారి అనుచరుడు, ఆర్థికవేత్త జె.సి. కుమారప్పగారి ద్వారా గాంధీగారికి చేరడం, బజారులో దొరికే విదేశీ పెన్నులకి ఇది మంచి ప్రత్యామ్నాయమని ఆయన 1935లో జాబు రాయడం మన వైపు అందరికీ తెలిసిందే. నాకు ఆ కథలో స్వదేశీ గర్వం ఎంత ఇష్టమో, చేసిన పద్ధతి అంత ఇష్టం. లేతు పట్టే మనిషి ఉన్నంతకాలం ఈ పెన్నుకి మూత పగిలినా గొట్టం చిట్లినా మళ్లీ చేయించుకోవచ్చు. ఒక జాగ్రత్త: చేత్తో మరలు కోసినవి కాబట్టి ఒక పెన్ను మూత ఇంకోదానికి సరిగ్గా పట్టదు. శుభ్రం చేసేటప్పుడు మూతలన్నీ ఒక గిన్నెలో వేస్తే తర్వాత జతలు కలపడం పెద్ద పని.

నల్ల ఎబొనైట్ ఎండకీ తడికీ ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకి తిరుగుతుంది. పెదనాన్న పెన్ను కూడా తిరిగింది. పాలిష్ పట్టిస్తే నలుపు వస్తుంది, అమ్మితే ధరా వస్తుంది. కానీ పైపొరతో పాటు చెక్కిన పేరూ అరుగుతుంది. నేను పట్టించలేదు. పేరు చెక్కిన పెన్ను ఇంకొకరు ఎందుకు తీసుకుంటారు అన్నది ఇక్కడ వచ్చే చిక్కు. మా ఇళ్లలో మనవడికి తాత పేరు పెట్టే ఆనవాయితీ ఉంది కాబట్టి అది నాకు తేలిగ్గా తీరింది. పెదనాన్న మనవడు విశాఖలో ఉంటాడు. ఇంటిపేరుతో సహా అదే పేరు. ఫోన్ చేస్తే, "బాబాయ్, నాకు ఇంకు పోయడం కూడా రాదు" అన్నాడు. వచ్చినప్పుడు నేర్పుతానన్నాను.

ఇప్పుడు రెండో పక్క. కొంచెం ముందు ఎవరికైనా ఇవ్వగలమని రాశాను. ఆ మాటని కాస్త తగ్గించుకోవాలి. ఇంటర్ చదివే మా మేనకోడలికి ముచ్చటపడి ఒకటి ఇచ్చాను. బాగా రాస్తోందని వారం వారం ఫొటో పెట్టేది. ఒకరోజు కెమిస్ట్రీ రికార్డు పేజీ ఫొటో వచ్చింది. చక్కటి పటం మధ్యలో రూపాయి బిళ్లంత మచ్చ. "మావయ్యా, నేనేం చేయలేదు, అదే కక్కేసింది" అని రాసింది. నిజమే, ఆ పిల్ల ఏమీ చేయలేదు. ఇంకు మూడో వంతుకి తగ్గాక గొట్టంలో మిగతాదంతా గాలే. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి తోస్తుంది. సంచీ, పిస్టన్ ఉన్న పెన్నుల్లో పట్టే ఇంకు తక్కువ, గాలికి చోటూ తక్కువ కాబట్టి ఇంతగా జరగదు. నేను ఇందాకటి నుంచి పొగుడుతున్న ఆ ఖాళీయే దీనికి కారణం. ఎబొనైట్ మందంగా ఉండి వేడిని నెమ్మదిగా పంపుతుంది గనుక పల్చటి ప్లాస్టిక్ దానికన్నా మెరుగు, అంతే. మే నెలలో మన ఊళ్లలో అది కూడా లొంగుతుంది.

మందు తెలిసిందే. మూడో వంతు మిగలగానే నింపేయాలి. విమానం ఎక్కేటప్పుడు పూర్తిగా నింపాలి, లేదా ఖాళీ చేయాలి. ఏళ్ల అలవాటులో నా చేయి దానంతట అదే పెన్ను బరువు చూసి నింపుతుంది. పరీక్ష రాసే పిల్లకి ఆ ధ్యాస ఎక్కడ ఉంటుంది? పైగా బాల్‌పెన్ను అలవాటున్న చేయి గట్టిగా నొక్కుతుంది, పాళీ విచ్చుకుంటుంది. అప్పటి నుంచి చదువుకునే పిల్లలకి ఐడ్రాపర్లు ఇవ్వడం మానేశాను. ఆ పిల్లకి కన్వర్టర్ (ఇంకు పీల్చుకునే, విడిగా తీయగలిగే చిన్న గొట్టం) ఉన్న మామూలు పెన్ను పంపాను. పాతది వెనక్కి ఇవ్వమంటే ఇవ్వనంది. సెలవుల్లో ఉత్తరం రాస్తుందట. బడికి ఇవ్వాలన్న ఆలోచన కూడా ఇక్కడితో ఆగింది. నేర్పే టీచరు ఒకరు ముందుకొస్తే తప్ప పెన్నులు పంపించి ఏం ప్రయోజనం?

సంచీ ఉన్నవన్నీ పాడవుతాయని కూడా అనలేను. పార్కర్ 51లో 1948 నుంచి వచ్చిన నొక్కి నింపే రకం ఒకటి నా దగ్గర ఉంది. దాని సంచీ రబ్బరు కాదు, ప్లాస్టిక్. నానబెట్టి కడిగితే అది కూడా రాసింది. నా వాదనకి ఇదొక మినహాయింపు, గట్టి మినహాయింపే. దాన్ని మాత్రం మంచి ధరకి, అదే పెన్ను కోసం వెతుకుతున్న ఒకాయనకి అమ్మాను. విదేశీవి ఇంకొన్ని అలాగే వెళ్లాయి. కొరియర్‌లో పంపేటప్పుడు ఇంకు చుక్క లేకుండా ఆరబెట్టి, ఏది సరిగ్గా పనిచేయదో కాగితం మీద రాసి మరీ పెట్టాను. రాయనివి ఇవ్వకూడదన్న నియమం రాసేవాళ్ల విషయంలోనే కాబట్టి, సంచీలు పోయినవి, పిస్టన్లు బిగిసినవి పెన్నులు బాగుచేసే ఒక పెద్దాయనకి ఉచితంగా ఇచ్చాను. ఆయనకి వాటిలో క్లిప్పులూ పాళీలూ పనికొస్తాయి.

ఎబొనైట్ ఐడ్రాపర్లు దాదాపు అన్నీ మనుషులకే చేరాయి, డబ్బు తీసుకోకుండా. డైరీ రాసే ఒక రిటైర్డ్ తహసీల్దారు, పద్యాలు రాసుకునే మా పక్కింటి మాస్టారు, డల్లాస్‌లో తెలుగు బడిలో పాఠాలు చెప్పే స్నేహితురాలు. ఇచ్చిన ప్రతిసారీ వాళ్ల ముందే గొట్టం విప్పి చూపించాను, ఒక ఫిల్లరు, చిటికెడు గ్రీజు కూడా ఇచ్చాను. పది నిమిషాల్లో పెన్ను మొత్తం అర్థమైపోతుంది. పిస్టన్ పెన్నుతో ఇది సాధ్యమా?

మీకు ఇదే దారి సరిపోతుందని చెప్పలేను. నాకు ఆ డబ్బు అవసరం లేదు, పెన్షన్ వస్తుంది. అవసరం ఉంటే విదేశీవే కాదు, మంచి పాళీ ఉన్న రాజమండ్రి పెన్నులు కూడా ఒక్కొక్కటిగా అమ్మండి, కుప్పగా మాత్రం వద్దు. నాకు రాసేవాళ్లు చుట్టూ ఉన్నారు, కడగడానికి తీరిక ఉంది. రెండూ లేకపోతే వ్యాపారే నయం కావచ్చు. ఏసీ గదిలో కూర్చుని రాసేవాళ్లకి నేను చెప్పిన మచ్చల బాధ సగం కూడా ఉండదు. ప్రయాణాల్లో ఉండేవాళ్లకి రెట్టింపు. ఇంకా పదో పన్నెండో మిగిలాయి. వాటిలో నాలుగు నావి, రోజూ రాస్తున్నాను. మిగతావి ఎవరికో తేలేదాకా వంతులవారీగా ఇంకు పోసి వాడుతున్నాను, పెట్టెలో మాత్రం పెట్టడం లేదు.