వాన ఏ వైపు కొడుతుందో చూసి కొండ ఎక్కండి

బెంగళూరులో, చెన్నైలో ఉండే మనవాళ్లకు దసరా సెలవులనగానే నోటికొచ్చే మొదటి పేరు ఊటీ. అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి సీజనని ట్రావెల్స్ వాళ్లు చెప్తారు, మనం నమ్మి డబ్బు కట్టేస్తాం. దక్షిణాది కొండలకు ఆ లెక్క సరిపోదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇక్కడ ఒక రుతుపవనం వెళ్తూ ఉంటుంది, ఇంకొకటి వస్తూ ఉంటుంది. నైరుతి వాన కొండల పడమటి వైపు కొడుతుంది. సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో మొదలయ్యే ఈశాన్య వాన తూర్పు వైపు కొడుతుంది. ఏ ఊరికి వెళ్లాలన్నది తేలాలంటే ముందు ఏ వారం వెళ్తున్నారో తేలాలి.

నీలగిరుల్లోనే చూడండి. గూడలూరు పడమటి దిగువన ఉంది, దానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలే వానలు. కూనూరు, కోటగిరి తూర్పు అంచున ఉన్నాయి, వాటికి అసలు వాన అక్టోబరు చివర, నవంబరులో. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉంది కాబట్టి రెండు వానలూ కొంచెం కొంచెం తగులుతాయి. అందుకే సెప్టెంబరు నెలాఖరులో సెలవు దొరికితే కూనూరు, కోటగిరి వెళ్లాలి: తేయాకు తోటలు కడిగినట్టు ఉంటాయి, జల్లు పడినా గంటలో ఆగుతుంది. నవంబరులో అయితే మడికేరి వైపు వెళ్లాలి. అప్పటికి కొడగులో నైరుతి వాన వెళ్లిపోయి ఉంటుంది, నేల ఇంకా పచ్చగానే ఉంటుంది, చలి మొదలవుతుంది. బెంగళూరు నుంచి సుమారు 260 కిలోమీటర్లే, దారిలో పెద్ద ఘాట్ లేదు కాబట్టి వాంతులయ్యే పిల్లలకూ ఇబ్బంది ఉండదు. అక్టోబరు 17 ప్రాంతంలో మాత్రం వద్దు. తులా సంక్రమణానికి కొడగులోనే కావేరి పుట్టే చోటైన తలకావేరికి జనం పోటెత్తుతారు, గది దొరకదు.

కొడైకెనాల్‌కు కూడా అక్టోబరు, నవంబరే గట్టి వానల కాలం. ఏర్కాడు, ఏలగిరి ఒక్క రాత్రికి చాలు. బెంగళూరులో ఉండి ఉదయం బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి కొండ మీద ఉండాలంటే మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు ఉన్నాయి. 1,265 మీటర్ల ఎత్తు, నీలగిరులంత చలి ఉండదు కానీ భాష మనదే, భోజనమూ మనదే.

వానను చూడ్డానికే వెళ్లేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నవంబరు కూనూరును మించింది లేదు, కాకపోతే దారి మూసుకుపోతుందన్న లెక్క ముందే వేసుకోవాలి. మెట్టుపాళయం, కూనూరు మధ్య ఘాట్‌లో కొండచరియలు విరగడం ఏటా ఉండేదే. 2009 నవంబరు వానల్లో చరియలు విరిగి నీలగిరుల్లో నలభై మందికి పైగా చనిపోయారు. ఆ వైపు దారి ఆగితే కోటగిరి మీదుగా ఇంకో దారి ఉంది, టాక్సీ మాట్లాడేటప్పుడే ఆ దారిన దింపితే ఎంతో కూడా అడిగి ఉంచుకోండి. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన, 115.6 నుంచి అతిభారీ వాన, 204.4 దాటితే అత్యంత భారీ వాన. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందన్న వార్త వినగానే నీలగిరి జిల్లాకు ఇచ్చిన హెచ్చరిక రంగు చూడండి. పసుపైతే వెళ్లొచ్చు, నారింజైతే ఒక రోజు వాయిదా వేసుకోండి, ఎరుపైతే ఇంట్లో ఉండండి.

మెట్టుపాళయం నుంచి ఊటీ ఎక్కే చిన్న రైలు గురించి పెద్ద ఆశలు పెట్టుకుని వస్తారు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన మీటర్‌గేజ్ అది. కొండ అడుగున ఉన్న కల్లారు నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య రంపంలా పళ్లున్న కడ్డీ ఉంటుంది, ఇంజను దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. చరియలు పడేదీ సరిగ్గా ఆ భాగంలోనే, కాబట్టి ఈశాన్య వానల్లో రైలు రోజుల తరబడి రద్దవుతుంటుంది. రైల్వేనే రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం తనంతట తనే వెనక్కి వస్తుంది, కంగారుపడి మీరు క్యాన్సిల్ కొట్టొద్దు. చాలాసార్లు కింద రద్దయినా పైన కూనూరు, ఊటీ మధ్య 19 కిలోమీటర్ల ముక్కలో రైళ్లు తిరుగుతూనే ఉంటాయి. పిల్లలు ఏడుస్తుంటే ఆ గంటన్నర లోపు ప్రయాణంతో సరిపెట్టొచ్చు.

ఇక బస. యాత్ర అంతటిలో ఒళ్లు మండేది ఇక్కడే. కూనూరులో ఒక లాడ్జి ఒక్క రాత్రికి వేసిన బిల్లు ఇది. గది 3,200. వ్యాలీ వ్యూ అని ఇంకో 800. హీటర్‌కు 400. క్యాంప్‌ఫైర్‌కు 600, వానకు కట్టెలు తడిసి అంటుకోకపోయినా పైసా తగ్గించలేదు. పైగా గది మీద 12 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 5 శాతమే వెయ్యాలి. నాలుగు వేల మీద 480 కాదు, 200. ఆ 280 రూపాయల తేడా అడిగితే సిస్టంలో అలాగే వస్తుందని కౌంటరులో జవాబు. దారి మూసేసిన రోజున కూడా అడ్వాన్సు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. ఇది న్యాయం కాదు. కొండ ఊళ్లో వాన కాలంలో గది అమ్మేవాడికి దారి మూసుకుపోతుందని తెలుసు, ఆ నష్టం మొత్తం వచ్చేవాళ్ల నెత్తినే వెయ్యడం దోపిడీ.

కాబట్టి అడ్వాన్సు ఒక రాత్రి అద్దెకు మించి కట్టొద్దు. దారి మూసేస్తే తేదీ మార్చుకోనిస్తామని వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్‌లో ఒప్పుకున్నది కౌంటరు దగ్గర చెల్లదు. వ్యాలీ వ్యూకు ఈ నెలల్లో అదనంగా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఉదయం పదింటికి కిటికీ బయట తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించదు, వెనక గదిలోనూ అదే మబ్బు.

గది చూడకుండా తాళం తీసుకోవద్దు. దిండు ఎత్తి దాని కింద పరుపు మీద అరచెయ్యి అర నిమిషం నొక్కి పెట్టండి. చల్లగా ఉండటం మామూలే, చెయ్యి తీశాక వేళ్లకు జిగటగా అనిపిస్తే ఆ పరుపు ఎండ చూసి చాలా రోజులైందని అర్థం. మంచం వెనక గోడ వాసన చూడండి. కొండను తొలిచి కట్టిన భవనాల్లో కింది అంతస్తు వెనక గోడ మట్టికి ఆనుకుని ఉంటుంది, వానకు నీరు లోపలికి చెమ్మగిల్లుతుంది. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ గది ఆరదు. పై అంతస్తు అడగండి. మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు ఉంటే రోడ్డు మట్టంలో ఉన్న గది, కానీ లోయ వైపుది. గీజరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, కరెంటు పోతే జనరేటరు మీద గీజరు నడుస్తుందా అని అడగండి. చాలాచోట్ల లైట్లే వెలుగుతాయి. తడి దుప్పటి కప్పుకుని రాత్రంతా దగ్గిన అత్తగారు మర్నాడు దొడ్డబెట్ట శిఖరం ఎక్కరు, ఆ రోజు ఇంక ఎవరి ముఖంలోనూ నవ్వుండదు.

సొంత కారులో వెళ్తే నీలగిరులకూ కొడైకెనాల్‌కూ ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-పాస్ తప్పనిసరి, 2024 మే నుంచి ఈ పద్ధతి ఉంది. అది ఉచితం, తీయించినందుకు డ్రైవరు డబ్బు అడిగితే ఇవ్వకండి. ప్రభుత్వ బస్సులో, రైల్లో వెళ్లేవాళ్లకు అక్కర్లేదు. కర్ణాటక టాక్సీ అయితే తమిళనాడు పర్మిట్ ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. బెంగళూరు నుంచి బందీపూర్ మీదుగా వెళ్లేవాళ్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి గేటు మూసి ఉంటుందని గుర్తుంచుకోండి. అక్కడి నుంచి ఊటీకి దగ్గరి దారిలో, మసినగుడి దగ్గరి కల్లట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు, ఏటవాలు విపరీతం. వానలో ఆ దారి వద్దు, గూడలూరు మీదుగా చుట్టు తిరిగినా నయం. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నీలగిరుల్లో నిషేధం, చెక్‌పోస్టులో తీయించేస్తారు. స్టీలు సీసా పట్టుకెళ్లండి.

మబ్బులో హెడ్‌లైట్ డిమ్‌లోనే ఉంచాలి, హై బీమ్ వేస్తే వెలుగంతా తిరిగి కళ్లలోనే కొడుతుంది. అద్దానికి లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడిచి లాభం లేదు, ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పితే నిమిషంలో పోతుంది. దిగేటప్పుడు రెండో గేరులో, బ్రేకు తొక్కి పట్టకుండా. గట్టు మీంచి చిన్న రాళ్లు జారుతున్నా, కాలువ నీళ్లు ఉన్నట్టుండి ఎర్రమట్టి రంగుకు తిరిగినా అక్కడ బండి ఆపి ఫోటోలు తీయొద్దు.

తిండికి కొదవ లేదు. వానలో వేడి మిరపకాయ బజ్జీ ఏ మలుపులోనైనా దొరుకుతుంది. పొరలు పొరలుగా కరకరలాడే బిస్కట్టు ఊటీ వర్కీకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. తేమ గాలికి అది పూటలో మెత్తబడుతుంది కాబట్టి మొదటి రోజు కొనకండి. దిగే రోజు ఉదయం బేకరీలో అప్పుడే దించినది తీసుకుని, గాలి చొరని స్టీలు డబ్బాలో వేసుకోండి. చెన్నై వెళ్లే రాత్రి రైలు మెట్టుపాళయంలో ఎక్కాలంటే ఊటీలో మధ్యాహ్నం రెండు లోపే కదలండి. దారి మూసి కోటగిరి మీదుగా తిప్పినా రైలు అందుతుంది.