రాగి వైరా, అల్యూమినియం వైరా? తేడా అంతా స్క్రూ కిందే

ఇంటి వైరింగ్‌కి రాగి వేయాలా, అల్యూమినియం సరిపోతుందా అని అడిగేవాళ్లలో చాలామంది జవాబు ముందే పట్టుకొని వస్తారు: రాగిలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి రాగే మేలని. జవాబు సరైనదే. కారణమే అది కాదు.

కరెంటు పారడం ఒక్కటే చూస్తే అల్యూమినియంని తీసిపారేయలేం. వాహకతలో అది రాగికి దాదాపు 61 శాతం. ఆ లోటు తీగ లావు పెంచితే తీరిపోతుంది. 100 మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ నిరోధం సుమారు 0.69 ఓమ్; 4 స్క్వేర్ ఎంఎం అల్యూమినియంది 0.70. బరువు మాత్రం సగమే: తొడుగు కాకుండా రాగి 2.2 కిలోలు, అల్యూమినియం 1.1. స్తంభాల మీది లైన్లలో అల్యూమినియం రాజ్యమేలేది అందుకే.

తిరకాసంతా తీగ ఆగేచోట ఉంది. అల్యూమినియం వాహకమే, దాని ఆక్సైడ్ మాత్రం బంధకం, అంటే కరెంటుని పారనివ్వదు. తొడుగు ఒలిచీ ఒలవగానే గాలి తగిలి ఆ పొర పట్టేస్తుంది. గీకినా మళ్లీ వస్తుంది. రాగికీ చిలుము పడుతుంది గానీ, ఆ పలుచని పొర స్క్రూ బిగింపుకే చిట్లిపోతుంది.

దీనికి తోడు అల్యూమినియం మెత్తన. స్క్రూ కింద నలిగి మెల్లగా పక్కకు జారుతుంది. వేడెక్కితే రాగికంటే మూడోవంతు ఎక్కువ సాగుతుంది. హీటర్ వేసినప్పుడల్లా సాగి, ఆపినప్పుడల్లా ముడుచుకొని, కొన్నాళ్లకు బిగింపు వదులవుతుంది. ఆ సందులో ఆక్సైడ్ పేరుకుంటుంది. అక్కడ నిరోధం 0.1 ఓమ్‌కి చేరిందనుకోండి: 10 ఆంపియర్లు పారితే 10 వాట్ల వేడి, అదీ గోరంత చోట. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలే. కరెంటు పెరగలేదు కాబట్టి ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆపేసే స్విచ్) పడిపోదు! స్విచ్ విప్పి చూస్తే తొడుగు చివర గోధుమరంగుకి తిరిగి, వంచితే పగులుతుంటుంది.

కాబట్టి మీటరు నుంచి మెయిన్ బోర్డు దాకా, జాయింట్లు రెండే ఉండే లావు కేబుల్‌కి అల్యూమినియం ఫర్వాలేదు. స్విచ్‌లకూ సాకెట్లకూ, అంటే పదుల కొద్దీ స్క్రూలున్న చోట, రాగే.

ఇప్పటికే అల్యూమినియం ఉంటే: మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకొని, కాలిన చివర కోసేయండి. కొత్త చివరని బ్రష్‌తో రుద్ది వెంటనే ఆక్సైడ్ నిరోధక పేస్టు పూయండి. అల్యూమినియంకి పనికొస్తుందని గుర్తున్న టెర్మినల్‌లోనే బిగించండి. రాగితో మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు. చెమ్మ తగిలితే అల్యూమినియం తుప్పుపట్టి అరిగిపోతుంది. రెండూ కలవాల్సిన చోట బైమెటల్ లగ్ (ఒక వైపు రాగి, మరో వైపు అల్యూమినియం ఉండే ముక్క) క్రింప్ చేయించండి, అంటే నొక్కి బిగింపించండి.

వెండి రాగికన్నా ఆరేడు శాతమే మెరుగు, ఇంటికి అనవసరం. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు వద్దే వద్దు. గుర్తుపట్టాలంటే, కోసిన చివరని ఆకురాయితో రెండుసార్లు రుద్దితే లోపలి తెలుపు బయటపడుతుంది.