ఇలోయిలో: స్నేహితురాలి ఊళ్లో ఏడు రోజులు

కువైట్‌లోని ఆసుపత్రిలో నాతో తొమ్మిదేళ్లుగా రాత్రి డ్యూటీలు చేస్తున్న స్నేహితురాలిది ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ ద్వీపంలో ఉన్న ఇలోయిలో నగరం. రెండేళ్లకొకసారి సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆమె తన ఊళ్లోని పద్నాలుగు చోట్లకు వెళ్లి, ప్రతిసారీ అదే మూలన నిలబడి, వీలైతే అదే వేళకు ఫొటో తీస్తుంది. ఆ రోజు అక్కడ ఎవరు ఏమి అమ్ముతున్నారో, జీప్నీ అనే షేరు బండి చార్జీ ఎంతో, ఏ దుకాణం బోర్డు మారిందో ఒక నోటుపుస్తకంలో తారీఖు వేసి రాసుకుంటుంది. ఆ పుస్తకం నేను ఎన్నోసార్లు తిరగేశాను. ఈసారి "నువ్వు కూడా రా మనాంగ్, నేను ఫొటో తీస్తుంటే నువ్వు రాద్దువు గాని" అని ఆమె పిలిచింది. మనాంగ్ అంటే వారి హిలిగైనోన్ భాషలో అక్క. నేను ఆమెను వారి పద్ధతిలోనే "డే" అంటాను. మా రాజోలు వైపు చెల్లెమ్మా అన్నట్టు.

2025 జనవరి చివర్లో బయలుదేరి ఏడు రాత్రులు అక్కడ ఉన్నాము. అప్పటికి నేను వీసా ముందుగా తీసుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరం జూన్ నుంచి భారతీయులకు విహారయాత్ర కోసమైతే 14 రోజుల వరకు వీసా అవసరం లేకుండా చేశారు కనుక, ఇకమీదట వెళ్లేవారికి ఆ శ్రమ లేదు. ఈట్రావెల్ అనే ఆన్‌లైన్ నమోదును మాత్రం ప్రయాణానికి ముందు 72 గంటల లోపల చేసుకోవాలి. దానికి రుసుము లేదు, ఎవరైనా డబ్బు అడిగితే అది అసలు వెబ్‌సైటు కాదని గ్రహించాలి. మనీలా నుంచి ఇలోయిలోకు విమానంలో గంటకు కొంచెం ఎక్కువ పడుతుంది. నగరంలో ఏటీఎం నుంచి విదేశీ కార్డుతో డబ్బు తీసిన ప్రతిసారీ 250 పెసోలు కోత పడింది. కాబట్టి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడమే మేలు.

మొదటి రెండు రాత్రులు పాత వీధికి దగ్గరలో ఒక చిన్న బసలో దిగాము. పొద్దున్నే నడిచి ఫొటోలు తీసుకోవచ్చుననే ఆశతో దాన్ని ఎంచుకున్నాము గాని, అక్కడ ఇచ్చిన గదికి కిటికీ లేదు. ఏసీ నుంచి రాత్రంతా నీరు కారింది. కిటికీ ఉన్న గది అని చూపించి సొమ్ము తీసుకున్నారు కదా అని అడిగితే, ఆ గదులు నిండిపోయాయన్న జవాబు తప్ప మరేమీ రాలేదు. పాత నగరంలో దిగదలచినవారు గది ముందు చూసి తరువాతే డబ్బు కట్టడం మంచిది. తరువాతి నాలుగు రాత్రులు నగరంలోని హారో పేటలో ఉన్న స్నేహితురాలి ఇంట్లో గడిచాయి. చివరి రాత్రి మరో పేట అయిన మందుర్యావ్‌లోని ఒక వ్యాపార హోటలులో ఉన్నాము. శుభ్రతకు, వేడినీటికి, నిద్రకు దానికి వంక పెట్టలేను. అయితే కిటికీలోంచి చూస్తే అది ఏ దేశమో, ఏ ఊరో చెప్పలేము. ఊరిని చూడడానికి వచ్చినవారికి నేను హారో గాని, లా పాజ్ పేట గాని సిఫారసు చేస్తాను. జీప్నీలు తెల్లవారకముందే దొరుకుతాయి, బజారు నడక దూరంలో ఉంటుంది.

ఆ హోటలు నిలిచిన నేల కథ స్నేహితురాలి పుస్తకంలో ఒక పేజీ. 2007 వరకు నగర విమానాశ్రయం మందుర్యావ్‌లోనే ఉండేది. కొత్త విమానాశ్రయం నగరానికి దాదాపు 19 కిలోమీటర్ల దూరంలో కబాతువాన్‌లో తెరిచాక, పాత రన్‌వే ఉన్న నేల మీద కార్యాలయాలు, హోటళ్లు, మాల్, సమావేశ మందిరం వెలిశాయి. ఆమె తండ్రి జీప్నీ నడిపేవాడు. విమానం దిగేవారి కోసం గేటు బయట వరుసలో నిలబడిన రోజులను ఆయన వేలితో దిక్కులు చూపిస్తూ చెప్పాడు. ఇప్పుడు అక్కడి విశాలమైన కాలిబాటలు బాగున్నాయి, రాత్రి దీపాలు బాగున్నాయి, పిల్లలతో కుటుంబాలు వచ్చి కూర్చుంటున్నాయి. కాని ఆ గేటు ఎక్కడ ఉండేదో సూచించే గుర్తు నాకు కనబడలేదు. ఆ పేజీలో ఆమె పెట్టిన పాత ఫొటో లేకపోతే నాకు ఆ సంగతి తెలిసేదే కాదు.

పాత వీధి పేరు కాల్యే రియాల్. పటాల్లో జె. ఎం. బాసా వీధి అని ఉంటుంది గాని, ఊరివాళ్లు పాత పేరే వాడతారు. 1855లో స్పానిష్ ప్రభుత్వం ఇలోయిలో రేవును విదేశీ వర్తకానికి తెరిచింది. మరుసటి ఏడు బ్రిటిష్ వైస్ కాన్సల్‌గా నికొలస్ లోనీ వచ్చాడు. ఆయన చక్కెర సాగును ప్రోత్సహించాడు. చక్కెర కోసం వచ్చే ఓడలు చవకైన మాంచెస్టర్ బట్టను తెచ్చి దింపాయి. అంతవరకు ఈ ప్రాంతంలో ఇంటింటా ఆడిన మగ్గాలు ఆ దెబ్బకు మూలపడ్డాయి. మన తీరాంధ్రలోని నేతకారులు కూడా అదే బట్ట చేతిలో దెబ్బతిన్నారు కదా. అందుకే ఆ రేవు గట్టు మీద, ఇప్పటికీ లోనీ పేరుతోనే ఉన్న చోట, చాలాసేపు నిలబడిపోయాను. చక్కెర సొమ్ముతో ఈ వీధిలో మేడలు లేచాయి. కాలిబాట పొడవునా పైకప్పు ఉండడం వల్ల ఎండలోనూ వానలోనూ నడవవచ్చు. రంగులు వేసి బాగుచేసిన ముఖభాగాల కింద బూట్ల దుకాణాలు, కళ్లద్దాల దుకాణాలు, మందుల దుకాణాలు మామూలుగా నడుస్తున్నాయి. బాగుచేసినా వ్యాపారం మారకపోవడమే ఈ వీధి గొప్పతనమని నాకు తోచింది. పై అంతస్తులు చాలావరకు ఖాళీగా ఉన్నాయి.

అక్కడికి దగ్గరలోని సెంట్రల్ మార్కెట్ దగ్గర మాత్రం మా ఇద్దరికీ మనసు నిలవలేదు. నగర పాలక సంస్థ, ఒక ప్రైవేటు సంస్థ కలిసి అప్పట్లో దానిని కొత్తగా కడుతూ ఉన్నాయి. ఆర్ట్ డెకో శైలిలో ఉన్న పాత ముఖభాగాన్ని నిలబెట్టి, దాని వెనుక కొత్త భవనాన్ని లేపుతూ ఉన్నారు. మేము వెళ్లినప్పుడు పనులు సాగుతున్నాయి, అమ్మకందార్లు తాత్కాలిక షెడ్లలో ఉన్నారు. ఎండు చేపలు అమ్మే ఒక పెద్దావిడ స్నేహితురాలిని గుర్తుపట్టి, 2019 ఫొటోలో తన పక్కన కూర్చున్న ముగ్గురిలో ఒకరు వ్యాపారం మానేశారని, ఇద్దరు వేరే బజారుకు వెళ్లిపోయారని చెప్పింది. పాత మార్కెట్‌లో కాలువ పొంగేదని, పైకప్పు కారేదని కూడా ఆవిడే చెప్పింది. కాబట్టి బాగుచేయడం తప్పని నేను అనను. కొత్త భవనంలో అద్దె ఆవిడకు అందుతుందా, ఎండు చేపల గంపకు చోటు దొరుకుతుందా అన్నదే చూడవలసిన విషయం. స్నేహితురాలు ఈ పేజీలో భవనం ఫొటో కంటె ముందు ఆ షెడ్డులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో గీత గీసి, సరుకుల పేర్లు రాయించింది. ఫొటో తీసేముందు ఆమె ప్రతి ఒక్కరినీ అడిగింది, వద్దన్నవారివి తీయలేదు.

పాత భవనాన్ని కొత్త పనికి పెట్టుకోవడంలో ఈ ఊరికి మంచి అనుభవం ఉంది. 1911 నాటి ప్రొవిన్షియల్ జైలు ఇప్పుడు జాతీయ మ్యూజియం శాఖ. ప్రవేశం ఉచితం, సిబ్బంది ఓపికగా వివరిస్తారు, శుభ్రత చెప్పుకోదగ్గది. ఒకప్పటి సిటీ హాలును 1947లో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. మెట్ల మీద విద్యార్థులు టిఫిను డబ్బాలు విప్పి తింటున్నారు, ఎవరూ లేవమనడం లేదు. మోలో పేటలో 1920ల నాటి యూసాయ్-కోన్సింగ్ భవనాన్ని ఒక పెద్ద మాల్ సంస్థ 2014లో కొన్నప్పుడు కూల్చేస్తారేమోనని ఊరంతా భయపడిందట. చివరకు దానిని నిలిపి దుకాణంగా చేశారు. వస్తువుల ధరలు ఎక్కువే. పక్కన మోలో చర్చిలో స్తంభాల వెంట వరుసగా నిలిపిన 16 మంది స్త్రీ సాధ్వుల విగ్రహాలను చూడడానికి మాత్రం అర్ధగంట తప్పక కేటాయించాలి.

మార్పుల్లో నాకు అన్నిటికంటె నచ్చింది నది గట్టు. ఇలోయిలో నది ఒకప్పుడు చెత్తతో, అక్రమ చేపల మడుగులతో పూడుకుపోయి ఉండేదని స్నేహితురాలి తల్లి చెప్పింది. గట్టు మీద వేయదలచిన రోడ్డును మాని, పాదచారుల కోసం 1.2 కిలోమీటర్ల ఎస్ప్లనేడ్‌ను 2012లో తెరిచారు. తరువాత రెండు ఒడ్డుల వెంట పొడిగిస్తూ వచ్చారు. మడ చెట్లను నరకకుండా వాటి మధ్యనుంచే దారి తీశారు. కోరింగ మడ అడవుల దగ్గర పెరిగిన నాకు, నగరం నడిబొడ్డున మడ చెట్టు వేళ్లలో కొంగలు నిలబడి ఉండడం చూస్తే సంతోషం కలిగింది. తెల్లవారుజామున ఐదు గంటలకే నడకకు వచ్చినవారితో నిండిపోతుంది. టిక్కెట్టు లేదు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. ఈ నగరం నీటితో ఎంత పెద్ద పాఠం నేర్చిందో వారి ఇంట్లోనే ఆనవాలు ఉంది: 2008 జూన్‌లో ఫ్రాంక్ తుపాను తెచ్చిన వరద హాలు గోడ మీద నా భుజం ఎత్తున గీత వదిలింది. ఎన్నిసార్లు సున్నం వేసినా తల్లి ఆ గీతను కప్పనివ్వలేదు. పుస్తకంలోని పద్నాలుగు చోట్లలో అదొకటి.

ఫిబ్రవరి 2న హారోలో కాండెలారియా మాత పండుగ. కెథెడ్రల్‌కు ఎదురుగా, రోడ్డుకు అవతల ప్లాజాలో గంట గోపురం విడిగా ఉంటుంది. 1948 భూకంపంలో దెబ్బతిని తరువాత బాగుపడింది. పండుగ నాడు మెట్లెక్కి మాతను తాకడానికి వరుస ఎండలో ప్లాజా దాకా సాగింది. కొవ్వొత్తులు అమ్మే స్త్రీలు తాము కూర్చునే చోట్లను తల్లి నుంచి కూతురికి అప్పగిస్తారట. తీర్థాన్ని చూసినట్టే ఉంది. ఆ రోజు వాహనాలు హారో లోపలికి రావు కనుక, సామాను ఉన్నవారు ముందు రోజే చేరుకోవాలి.

తిండి విషయంలో మనవారికి దిగులు అవసరం లేదు, జాగ్రత్త మాత్రం కావాలి. 2023లో యునెస్కో ఈ నగరాన్ని ఆహార సంస్కృతికి గాను సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఫిలిప్పీన్స్‌లో ఆహారానికి ఆ గౌరవం మొదట దక్కింది దీనికే. లా పాజ్ బజారులో పుట్టిన బాచోయ్ అనే నూడుల్స్ పులుసులో పంది మాంసం, కాలేయం, వేయించిన పంది చర్మం ఉంటాయి. తినేవారు ఆ బజారులోనే తినాలి. అదే బజారులో గుడ్డ సంచిలో వడగట్టిన కాఫీ చిక్కగా, ఘాటుగా ఉంటుంది. శాకాహారులు కర్నే, అంటే మాంసం, వద్దంటే చాలదు, రొయ్యల ముద్ద గాని చేప గాని వేయవద్దని విడిగా చెప్పాలి. నాకు నచ్చింది ఇంట్లో వండిన లస్వా: గుమ్మడికాయ, బెండకాయ, వంకాయ, మునగాకు వేసి కాచిన పలుచని పులుసు. మరో రోజు కందులు, పనసకాయ, పంది మాంసం కలిపి వండారు. పులుపు కోసం చింతపండుకు బదులు బాత్వాన్ అనే పుల్లని కాయ వేశారు. నా కోసం మాంసం వేయకముందే ఒక గిన్నె తీసి పక్కన పెట్టి, "తిను, ఇది నీదే" అని ఆ తల్లి నాకు వడ్డించింది. ఆవిడను నేను కూడా ననాయ్, అంటే అమ్మా, అనే పిలిచాను.

ఒక రోజు 40 కిలోమీటర్ల దూరంలోని మియాగావ్‌కు వెళ్లాము. 1797లో పూర్తయిన చర్చి 1993 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దాని ముఖభాగం మీద బాల యేసును మోస్తున్న సెయింట్ క్రిస్టఫర్ ఒక కొబ్బరి చెట్టును పట్టుకుని ఉంటాడు. చుట్టూ బొప్పాయి, జామ చెట్లు చెక్కారు. కోనసీమ మనిషికి అంతకంటె దగ్గరి దేవాలయ శిల్పం మరొక దేశంలో దొరకదేమో. ఆ ఊరి పక్కన ఇందగ్-ఆన్‌లో హబ్లోన్ అనే చేనేత బట్ట నేస్తున్న స్త్రీల సహకార సంఘాన్ని కూడా చూడాలి. మాంచెస్టర్ బట్టకు పోగా మిగిలిన నేత ఇదే. మాల్‌లో కంటె అక్కడే కొంటే ధర తక్కువ, సొమ్ము నేసినవారికి చేరుతుంది. గిమారాస్ ద్వీపానికి పడవలో పదిహేను ఇరవై నిమిషాలు. మామిడి కాలం ఏప్రిల్, మే కనుక మేము త్వరపడి వెళ్లినట్టయింది. తోటలకు పురుగు పట్టకుండా బయటి మామిడిపండ్లను ఆ ద్వీపంలోకి రానివ్వరు. 2019 ఆగస్టులో ఈ జలసంధిలో పడవలు మునిగి 31 మంది చనిపోయారు. అందుకని లైఫ్ జాకెట్ అందరూ కట్టుకున్నాకే పడవ కదిలింది. ఆకాశం మబ్బుగా ఉంటే ఆ రోజుకు మానుకోవడమే మంచిది.

నగరంలో తిరగడానికి జీప్నీయే సరైనది. మేము కనిష్ఠ చార్జీ 13 పెసోలు ఇచ్చాము. "బయాద్, పలీహోగ్" (చార్జీ, దయచేసి) అంటూ చేయి చాస్తే, ముందు కూర్చున్నవారు డబ్బు అందుకుని చేతులు మార్చి డ్రైవరుకు చేరుస్తారు. చిల్లర కూడా అలాగే తిరిగి వస్తుంది. దిగవలసిన చోట "లుగార్ లాంగ్" అనాలి. ట్యాక్సీలు మీటరు మీదే నడిచాయి, చిల్లర పైసలతో సహా ఇచ్చారు. విమానాశ్రయం వ్యాను మాత్రం సీట్లన్నీ నిండితే గాని కదలలేదు. తిరుగు ప్రయాణంలో మూడు గంటల ముందు బయలుదేరి మంచి పని చేశాము.

2017లో మొదలైన రవాణా ఆధునికీకరణ కింద పాత జీప్నీల స్థానంలో ఏసీ మినీబస్సులు వస్తున్నాయి. ముసలివారికి ఎక్కడానికి వీలు, పొగ తక్కువ. కాని కారులా పొడుగాటి ముక్కుతో ఇలోయిలోలోనే చేసే పాత జీప్నీని, సొంత బండి ఉన్న డ్రైవరు సహకార సంఘంలో చేరి అప్పు తీర్చగలిగితేనే మార్చుకోగలడు. స్నేహితురాలి తండ్రి మార్చుకోలేదు; బండిని అమ్మేశాడు. బండి అద్దానికి పెట్టుకునే "హారో - లా పాజ్" రూటు పలకను మాత్రం ఇంటికి తెచ్చి, హాల్లో వరద గీతకు పైన మేకుకు తగిలించాడు. బయలుదేరిన రోజు పొద్దున స్నేహితురాలు దాని ఫొటో తీసింది. నేను పుస్తకంలో పదిహేనో నెంబరు వేసి, తారీఖు, ఆయన ఆ రూటులో బండి నడిపిన 31 సంవత్సరాలు, మొదట్లో తీసుకున్న చార్జీ ఆయన చెప్పినట్టే రాశాను.