యాక్సెస్ ఫైలు ఒకటి, కంప్యూటర్లు ఆరు: పన్నెండేళ్లు వాడాక నా సమీక్ష

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో లెక్కలూ కంప్యూటర్లూ రెండూ నేనే చూస్తాను. 2013 నుంచి మా సరుకు రికార్డు అంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలోనే ఉంది. ఏ ఊరి రైతు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ ఛాంబరు (చల్లగది), బాండు (సరుకు పెట్టినందుకు ఇచ్చే రసీదు) నంబరెంత, బ్యాంకు లోను ఉందా లేదా, అద్దె బాకీ ఎంత, అన్నీ అందులోనే. కాటా దగ్గర ఒక కంప్యూటరు, బాండ్ల కౌంటర్లో రెండు, డెలివరీ దగ్గర ఒకటి, అకౌంట్స్‌లో ఒకటి, మేనేజరు గారి గదిలో ఒకటి. డేటాబేస్ మాత్రం ఒక్కటే.

మొదటి రెండు సీజన్లు మాకు నరకం కనిపించింది. ఇప్పటికీ కళ్లముందే ఉన్న రోజు ఒకటుంది. మార్చి నెల, మధ్యాహ్నం రెండు గంటలు. గేటు బయట లారీలు వరసగా నిలబడ్డాయి. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు తలగుడ్డతో చెమట తుడుచుకుంటూ కౌంటర్ ముందు నిలబడి, "బాబూ, బాండు రాసిస్తే నేను బస్సు పట్టుకుంటాను" అన్నారు. సరిగ్గా అప్పుడే కౌంటర్లో రెండు స్క్రీన్లూ తెల్లబడి పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడింది. కాటా కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "అన్నా, నాదీ హ్యాంగ్ అయింది" అన్నాడు. ఆ పెద్దాయన బాండు చేతికి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. సరుకు మన దగ్గర పెట్టిన మనిషిని ఒక కాగితం కోసం నాలుగు గంటలు నిలబెట్టాం. ఆ రాత్రి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టి, హ్యాంగ్ అయిన ప్రతిసారీ టైము, ఏ కంప్యూటరు, ఏ మెసేజ్ వచ్చింది అన్నీ రాయడం మొదలుపెట్టాను. మీకూ ఈ బాధ ఉంటే ముందు ఆ పని చేయండి. నోట్‌బుక్ లేకపోతే ప్రతిదీ 'సిస్టం స్లో' అనే ఒక్క మాట కింద కలిసిపోతుంది, జబ్బేదో తేలదు.

రాసుకుంటూ పోతే అర్థమైన మొదటి సంగతి, యాక్సెస్ అనేది సర్వర్ కాదు, ఒక ఫైలు. పెద్ద డేటాబేసుల్లో అయితే మన కంప్యూటరు అడుగుతుంది, సర్వరే తీసి ఇస్తుంది, సర్వరే రాస్తుంది. ఇక్కడ అలా కాదు. ఆరుగురూ ఒకే ఖాతా పుస్తకం మీద తలా ఒక పెన్ను పెట్టి నేరుగా రాస్తున్నట్టే. ఒకరి చెయ్యి మధ్యలో వణికితే పుస్తకం అందరికీ పాడవుతుంది. అందుకే ఆరింటిలో ఏది నాసిరకంగా ఉంటే మిగతా ఐదూ దాని వల్లే ఆగిపోతాయి.

మేము చేసిన పెద్ద తప్పు, షేర్ ఫోల్డర్లో పెట్టిన ఒకే ఫైలును ఆరుగురం డబుల్ క్లిక్ చేసి తెరవడం. ఫారాలు (ఎంట్రీ చేసే తెరలు), రిపోర్టులు, టేబుళ్లు (అసలు డేటా) అన్నీ అందులోనే. దాన్ని రెండుగా విడగొట్టాలి. టేబుళ్లు మాత్రమే ఉన్న ఫైలు షేర్ ఫోల్డర్ ఉన్న మెషీన్‌లో (మేము దాన్నే సర్వర్ అంటాం) ఉండాలి. ఫారాలు, రిపోర్టులు ఉన్న ఫైలు (దీన్నే ఫ్రంట్ ఎండ్ అంటారు) ఎవరి కంప్యూటర్లో వాళ్లకు విడిగా ఒక కాపీ ఉండాలి. యాక్సెస్‌లోనే 'స్ప్లిట్ డేటాబేస్' అని దీనికి బటన్ ఉంది, పది నిమిషాల పని. మా హ్యాంగుల్లో సగానికి పైగా ఆ ఒక్క రోజుతో పోయాయి. దాన్ని రెండేళ్లు ఎందుకు వాయిదా వేశామా అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మిగిలిన వాటిలో ఎక్కువగా కనబడింది 'రికార్డు లాక్ అయి ఉంది, ఫలానా మెషీన్‌లో అడ్మిన్ వాడుతున్నారు' అనే మెసేజ్. అది జబ్బు కాదు, యాక్సెస్ తన పని తాను చేస్తోంది. ఎవరో ఒక రైతు రికార్డు తెరిచి, ఒక అక్షరం మార్చి, సేవ్ చేయకుండా టీకి వెళ్లి ఉంటారు. మాకు అంతుపట్టనిది వేరే. ఒకరు ఒక రైతు రికార్డు తెరిస్తే, సంబంధం లేని ఇంకో రైతు రికార్డు కూడా లాక్ అయ్యేది. కారణం ఏంటంటే, యాక్సెస్ ఒక్కోసారి ఒక్క రికార్డును కాకుండా అది ఉన్న 4 కేబీ పేజీ (ఫైల్లో కొన్ని రికార్డులు కలిసి ఉండే ముక్క) మొత్తాన్ని లాక్ చేస్తుంది. ఆ పేజీలో పక్కన ఉన్న రైతులు కూడా ఆగిపోతారు. యాక్సెస్ ఆప్షన్స్‌లోని క్లయింట్ సెట్టింగ్స్‌లో రికార్డు స్థాయిలో లాక్ చేసే ఆప్షన్ ఉంది. అయితే ఉదయం ఫైలును మొట్టమొదట ఎవరు తెరుస్తారో వాళ్ల సెట్టింగే మిగతా అందరికీ వర్తిస్తుంది. కాబట్టి ఒక కంప్యూటర్లో మార్చి ఊరుకుంటే సరిపోదు, ఆరింటిలోనూ మార్చాలి.

ఇక శనివారాల సంగతి. ఇది తేల్చడానికి నాకు రెండు నెలలు పట్టింది. నోట్‌బుక్ తిరగేస్తే కొన్ని శనివారాలు ఉదయం పది లోపు 'ఫైలు వాడుకలో ఉంది, తెరవడం కుదరదు' అని అందరికీ వస్తోంది. మామూలుగా ఎవరు ఫైలు తెరిచినా దాని పక్కనే అదే పేరుతో చిన్న లాక్ ఫైలు ఒకటి పుడుతుంది. ఎవరెవరు లోపల ఉన్నారో ఆ కంప్యూటర్ల పేర్లు అందులో ఉంటాయి. చివరి మనిషి బయటికి రాగానే అది దానంతట అదే పోతుంది. ఆ శనివారం సర్వర్ దగ్గరికి వెళ్లి ఫోల్డర్ తెరిచి చూస్తే, డేటాబేస్ లాక్ అయింది గానీ లాక్ ఫైలే లేదు! అదే నాకు దొరికిన ఆధారం. విండోస్‌లోని కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్, దాని కింద ఓపెన్ ఫైల్స్ చూస్తే లెక్కలు చూడటానికి వచ్చిన ఆడిటర్ గారి అసిస్టెంటు ల్యాప్‌టాప్ కనబడింది. డేటా చెడిపోకూడదని ఆయనకు ఆ ఫోల్డర్ మీద చదివే పర్మిషన్ మాత్రమే ఇచ్చింది నేనే. కొత్త ఫైలు పుట్టించే హక్కు లేనివాళ్లు తెరిస్తే లాక్ ఫైలు తయారు కాదు. లాక్ ఫైలు లేకపోతే నలుగురూ పంచుకోవడం కుదరదు. ఆయన మాకంటే ముందు వచ్చి తెరిచిన రోజున మేమంతా బయటే. జాగ్రత్త అనుకుని చేసిన పనే మాకు అడ్డు తగిలింది. డేటాబేస్ ఉన్న ఫోల్డర్లో అందరికీ చదవడం, రాయడం, ఫైలు పుట్టించడం, తీసేయడం, నాలుగు హక్కులూ ఉండాలి. చూడటానికి మాత్రమే వచ్చేవాళ్లకు ఇప్పుడు రాత్రి తీసిన కాపీ ఇస్తున్నాం.

లాక్ ఫైలు గురించి ఇంకో మాట. అందులో పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు కాదు. ఒకరు బయటికి వచ్చినా, చివరివాళ్లు మూసేదాకా పేరు అలాగే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు కొన్నిసార్లు ఆ ఫైలు మిగిలిపోతుంది. అందరూ బయటికి వచ్చారని ఖాయం చేసుకున్నాకే డిలీట్ చేయండి. డిలీట్ కావట్లేదంటే ఇంకా ఎవరో తెరిచే ఉన్నారని అర్థం. అప్పుడు బలవంతం చేయకుండా వెళ్లి ఆ కంప్యూటరు వెతకండి.

తెల్ల స్క్రీన్ హ్యాంగులకు కారణం ఎక్కువగా నెట్‌వర్కే. మా కాటా గది ఆఫీసుకు దూరమని వైఫై పెట్టాం. వీడియోలు బాగానే వచ్చేవి కాబట్టి వైఫై బాగుందనుకున్నాం. కానీ వీడియో ఒక క్షణం తెగినా మళ్లీ అందుకుంటుంది, యాక్సెస్ అలా అందుకోలేదు. రికార్డు రాస్తుండగా లింకు తెగితే ఫైలే దెబ్బతినొచ్చు. కేబుల్ లాగించాం, గొడవ వదిలింది. అన్ని కంప్యూటర్లలోనూ నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, కరెంటు ఆదా కోసం కార్డును ఆపేసే టిక్కు తీసేశాం. కాసేపు ఖాళీగా ఉన్న కంప్యూటరు లంచ్ తర్వాత హ్యాంగ్ అవుతుంటే ముందు అక్కడ చూడండి. యాంటీవైరస్‌లో ఆ ఫోల్డర్‌కు మినహాయింపు ఇచ్చాం.

2018లో విండోస్ 10 1803 వెర్షన్ వచ్చాక, నెట్‌వర్క్‌లో షేర్ చేసిన యాక్సెస్ ఫైళ్లు 'ఇన్‌కన్సిస్టెంట్ స్టేట్' అంటూ తెరుచుకోని సమస్య చాలా చోట్ల వచ్చింది. ఫైలు ఉన్న మెషీన్‌లో రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగులు ఉండే చోట) లాన్‌మ్యాన్‌సర్వర్ పారామీటర్స్ కింద 'డిజేబుల్ లీజింగ్' విలువ 1 పెట్టి రీస్టార్ట్ చేయడం దానికి మందు. మా దగ్గర కూడా పెట్టి ఉంచాం. అయితే ఆ మెసేజ్ రానివాళ్లు ఊరికే రిజిస్ట్రీ ముట్టుకోవద్దు.

వేగం పెంచిన చిన్న చిట్కా ఒకటుంది. పొద్దున ఫ్రంట్ ఎండ్ తెరవగానే, సర్వర్లోని ఒక చిన్న టేబుల్‌కు కట్టిన ఫారం ఒకటి కనబడకుండా తెరుచుకుని, సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. ఇది లేకపోతే లోపల ఒక్కరే ఉన్న సమయంలో ఫారం మూసి తెరిచిన ప్రతిసారీ లాక్ ఫైలు పోవడం, మళ్లీ పుట్టడం జరుగుతుంది, అక్కడ సెకన్లు పోతాయి. ఇంకోటి, సీజన్ చివర అద్దె లెక్కను వేల బాండ్లకు ఒకేసారి అప్‌డేట్ చేస్తే 'ఫైల్ షేరింగ్ లాక్ కౌంట్ ఎక్సీడెడ్' అని వచ్చి ఆగేది. ఒక ఫైలు మీద పెట్టగల లాకులకు 9500 అనే హద్దు మామూలుగా ఉంటుంది. పెంచుకోవచ్చు గానీ, మేము ఆ పనిని ఛాంబరు వారీగా ముక్కలు చేసి, రాత్రి ఏడు తర్వాత ఎవరూ లేనప్పుడు చేస్తున్నాం.

యాక్సెస్‌లో ఫైలును సర్ది బాగుచేసే 'కాంపాక్ట్ అండ్ రిపేర్' హ్యాంగులకు మందు అని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. ఫైలు బరువు తగ్గడానికి అది మంచిదే, వారానికోసారి మేమూ చేస్తాం, అదీ ముందు కాపీ తీశాకే. కానీ వైఫై వల్ల వచ్చిన జబ్బు దానితో పోదు.

ఇంతకీ కొనొచ్చా అంటే, ఒకే ఆవరణలో, కేబుల్ మీద, పది మంది లోపు వాడేవాళ్లకు నేను ధైర్యంగా కొనమంటాను. ఒకేసారి 255 మంది తెరవొచ్చని కాగితం మీద ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. ఫైలుకు 2 జీబీ హద్దు ఉందని మాత్రం గుర్తుంచుకోండి. వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్లో టేబుళ్ల ఫైలు అసలు పెట్టకండి. ఇద్దరు తెరిస్తే రెండు కాపీలై, ఏది అసలో తెలియకుండా పోతుంది. ఇంటర్నెట్ మీదుగా వేరే ఊరి నుంచి తెరవడం కూడా వద్దు.

మాకు ఇప్పుడు ఆ అవసరమే వచ్చింది. రెండో గోడౌను ఊరికి అవతల కడుతున్నారు, అక్కడా బాండ్లు ఇవ్వాలి. అందుకే టేబుళ్లను, సర్వరే చదివి రాసే రకం డేటాబేస్ అయి ఉచితంగా వచ్చే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి మార్చాలని నిర్ణయించాం. ఫారాలు, రిపోర్టులు యాక్సెస్‌లోనే ఉంటాయి, కౌంటర్లో వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. పోయిన సీజన్ మొత్తానికి నా నోట్‌బుక్‌లో రెండే ఎంట్రీలున్నాయి. ఒకటి కాటా గది యూపీఎస్ బ్యాటరీ పోయిన రోజు, రెండోది నెట్‌వర్క్ కేబుళ్లు కలిసే స్విచ్‌లో ఒక పోర్టు చెడిపోయిన రోజు. రెండుసార్లూ పావుగంటలో బాండ్లు మళ్లీ మొదలయ్యాయి.