జేబులో పది రెట్ల భూతద్దం

ఈ భూతద్దం గాంధీ రోడ్డులో 450 రూపాయలకు కొన్నాను. అడవికి ఎప్పుడెళ్లినా జేబులో ఉండాల్సిందే. కుప్పం దగ్గర చిగరగుంట వైపు పలుగురాయిలో పసుపు మెరుపు కనబడి గుండె ఝల్లుమంది. అద్దం కంటికి ఆనించి రాయిని దగ్గరికి తెచ్చాను. చిన్న చిన్న ఘనాలు, అంచులు పదునుగా! బంగారం కాదు, బంగారంలా మెరిసే పైరైట్ అనే ఖనిజం. అయినా ఎంత అందమో! రెండో నెలకే అద్దం మర (స్క్రూ) వదులైంది, అదొక్కటే లోపం.

మొన్న తలకోనకి మామ లైసెన్స్ తుపాకీ తెస్తానంటే వద్దన్నాను. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అక్కడ రాళ్లూ ఏరకూడదు. అద్దంలో చూసి, ఎక్కడివి అక్కడే పెట్టి వచ్చాం.