ఒకే కుర్చీలో చదవాలా, చోట్లు మార్చాలా?

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో కొందరు ఎస్వీయూ లైబ్రరీలో రోజూ అదే కుర్చీ పట్టుకుంటారు. ఇంకొందరు పొద్దున మేడ మీద, మధ్యాహ్నం లైబ్రరీలో, సాయంత్రం ఏ చెట్టు కిందో చదువుతారు.

ఒకే చోటుకు బలం ఉన్న మాట నిజమే. 1975లో గాడెన్, బాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు డైవర్లకు కొన్ని మాటలు నీటి అడుగున, కొన్ని గట్టు మీద నేర్పించారు. ఎక్కడ నేర్చుకున్నవి అక్కడే అడిగితే ఎక్కువ గుర్తొచ్చాయి. అంటే పాఠంతో పాటు చోటు కూడా బుర్రకెక్కుతుందన్నమాట.

కానీ పరీక్ష మన కుర్చీలో పెట్టరు కదా! సెంటర్ ఏ చిత్తూరులోనో పడుతుంది. అందుకే నా ఓటు రెండో పద్ధతికే. 1978లో స్మిత్, గ్లెన్‌బర్గ్, బియార్క్ చేసిన ప్రయోగంలో ఒకే మాటల జాబితాను రెండు వేర్వేరు గదుల్లో చదివినవాళ్లు, ఒకే గదిలో రెండుసార్లు చదివినవాళ్లకంటే కొత్త గదిలో ఎక్కువ మాటలు చెప్పగలిగారు. గుర్తు తెచ్చుకోవడానికి ఒక దారి మూసుకుపోయినా ఇంకో దారి ఉంటుంది వాళ్లకు.

హాల్లో జవాబు తట్టకపోతే టెన్షన్ పడకండి. అది చదివిన చోటును, పక్కనున్న కిటికీతో సహా తలచుకోండి. ఆబ్జెక్టివ్ పేపర్‌లో జవాబు కళ్లెదుటే ఉంటుంది కాబట్టి చోటు ప్రభావం తక్కువ. వ్యాసాలు రాయాల్సిన మెయిన్స్‌కైతే రివిజన్ తప్పకుండా చోటు మార్చి చేయండి.